మీరాబీ ఊపిరి తీసుకున్న చోటు

"పరీక్ష పెట్టేవాడు గట్టిగా ఉండాలా, మెత్తగా ఉండాలా మేస్టారూ?" అని అడిగాడు ఏడుకొండలు.

అడిగింది భోజనాల దగ్గర. లాల్ సాహెబ్ మేస్టారు అప్పుడే అన్నంలో మజ్జిగ పోసుకుంటున్నారు. ఆయనకో అలవాటుంది. ఎవరైనా ప్రశ్న వేస్తే దానికి జవాబు చెప్పరు, ఆ ప్రశ్న ఏ ఊరినుంచి బయల్దేరి వచ్చిందో కనుక్కుంటారు. ఆ పూట కూడా అంతే. "పొద్దున ఏం జరిగిందిరా?" అన్నారు.

పొద్దున జరిగింది సన్నాయి పరీక్ష. పలనాటివైపు ఆ ఊళ్ళో దూదేకుల ఇళ్ళలో మూడు తరాలుగా సన్నాయి మోగుతోంది. గుడి ఉత్సవాలకూ, పెళ్ళిళ్ళకూ వాళ్ళు వాయించకపోతే ఆ చుట్టుపక్కల శుభకార్యం ముగిసినట్టు కాదు. లాల్ సాహెబ్ మేస్టారు అరవై మందికి పైగా శిష్యుల్ని తయారుచేశారు. అందులో మొదటి వరసలోవాడు ఏడుకొండలు. ఇరవై రెండేళ్ళ కిందట మేస్టారి దగ్గర చదువు ముగించి, ఇప్పుడు పట్నంలో సంగీత కళాశాలలో పాఠం చెబుతున్నాడు. సర్టిఫికెట్ పరీక్షకు అధికారిగా తన గురువుగారి ఊరికే వచ్చాడు. గురువు వినేంత దూరంలో ఉండకూడదని రూలు. అందుకని ఆదివారం చూసుకుని, బడి వరండాలో పరీక్ష పెట్టారు. మేస్టారు ఇంట్లోనే ఉండిపోయారు.

పరీక్షకు కూర్చున్నవాళ్ళు ముగ్గురు. ఇద్దరు మగవాళ్ళు, వయసు మీద పడ్డాక నేర్చుకుంటున్నవాళ్ళు, ఇవాళ తప్పితే వచ్చే ఏడు వస్తారు. మూడోది మీరాబీ. పంతొమ్మిదేళ్ళ పిల్ల. పగలంతా తల్లితో పాటు పొగాకు గ్రేడింగుకు వెళ్ళి, సాయంత్రం సన్నాయి పట్టుకుంటుంది. దగ్గర్లోని కొండమీద నరసింహస్వామి గుళ్ళో ఆస్థాన విద్వాంసుల ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది. నెలాఖరులోగా సర్టిఫికెట్ చూపిస్తే అది ఆమెది. చూపించలేకపోతే మళ్ళీ పొగాకే.

అంత తెలిసీ ఏడుకొండలు ఆమెకు సున్న వేశాడు.

రూళ్ళు గీసిన కాగితంలో శ్రుతికో గడి, లయకో గడి, భావానికో గడి, ఊపిరికో గడి ఉన్నాయి. ఏ గడిలో సున్న పడినా మొత్తం తప్పినట్టే. తోడిరాగ కీర్తనలో చరణం దగ్గర ఒక పొడుగాటి పాదం ఉంది. దాన్ని ఒక్క ఊపిరిలో వాయించాలి. మీరాబీ మిగతా కీర్తనంతా తేనె పోసినట్టు వాయించి, ఆ పాదం మధ్యలో, అదీ ఒక మాటను రెండు ముక్కలు చేసి, ఊపిరి తీసుకుంది. మిగతా ఇద్దరూ అంతే.

మాట మధ్యలో ఊపిరి తీసుకుంటే పాట మెడ విరిచినట్టే. ఈ సూత్రం ఏడుకొండలు సొంతం కాదు, మేస్టారే నేర్పారు. చిన్నప్పుడు కాలువలో మెడలోతు నీళ్ళలో నిలబెట్టి, "మునుగు, నేను చెప్పేదాకా లేవకు" అని దమ్ము పెంచిన మనిషి ఆయన. ఆ గురువు పేరు చెప్పుకునేవాళ్ళు ఇంత చవగ్గా ఊపిరి తీసుకుంటారా అని ఏడుకొండలుకు ఒళ్ళు మండింది. సున్నలు మూడూ గుండ్రంగా పడ్డాయి. అయితే బువ్వ దగ్గర కూర్చున్నాక మీరాబీ ముఖం గుర్తుకొచ్చి ముద్ద దిగలేదు. ఆ దిగని ముద్దే ప్రశ్నయి బయటికొచ్చింది.

మేస్టారు అంతా విన్నారు. "ముగ్గురూ ఒకే చోటా?" అన్నారు.

"అచ్చు గుద్దినట్టు ఒకే చోట మేస్టారూ. ఒకళ్ళను చూసి ఒకళ్ళు నేర్చుకున్నట్టున్నారు. అదింకా తప్పు."

"ఆ పాదం ఓసారి పాడు."

ఏడుకొండలు పాడి, వాళ్ళు ఆగిన చోట వేలితో నేలమీద గీత గీసి చూపించాడు. మేస్టారు ఆ గీతకేసి కాసేపు చూశారు. చెయ్యి కడుక్కున్నారు. దండెం మీది తువ్వాలు తీసి మూతి తుడుచుకుని, గోడకున్న సన్నాయి దించారు.

"మామా, వద్దు. డాక్టరు ఏం చెప్పాడు?" అంటూ కోడలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఒక్క పాదమేనమ్మా. పరీక్ష," అన్నారాయన.

నాలుగేళ్ళ కిందట వచ్చిన జబ్బు మేస్టారి ఊపిరితిత్తుల్ని సగం తినేసి పోయింది. ఆ సంగతి ఏడుకొండలుకు తెలుసు. రెండుసార్లు చూడ్డానికి వచ్చాడు కూడా. పళ్ళు తెచ్చాడు, కాళ్ళకు దణ్ణం పెట్టాడు, బస్సు టైమైందని వెళ్ళిపోయాడు. అంతేగానీ ఆ తరవాత ఆయన వాయించగా ఒక్కసారీ వినలేదు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళకు చెట్టుకేసి చూసే తీరిక ఎక్కడుంటుంది?

మేస్టారు సన్నాయి మొననున్న పీక తడుపుకుని ఎత్తుకున్నారు. తోడి ఆ చిన్న వసారాలో పట్టలేనంతగా నిండింది. నాదంలో ఎక్కడా వయసు లేదు. ఏడుకొండలు చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. చరణం వచ్చింది. పొడుగాటి పాదం మొదలైంది. సరిగ్గా నేలమీద గీత గీసిన చోట, మాట మధ్యలో, మేస్టారు ఆగారు. భుజాలు రెండూ పైకి లేచాయి. ఈల వేసినట్టు గాలి లోపలికి పోయింది. మిగతా సగం మాట తరవాత వచ్చింది.

సన్నాయి ఒళ్ళో పెట్టుకుని ఆయన అడిగారు. "ఎంత వేస్తావురా?"

ఏడుకొండలు తలెత్తి ఆయన ముఖం చూశాడు. అక్కడ ఎకసెక్కెం లేదు. మేస్టారికీ ఆ సంగతి ఆ క్షణందాకా తెలియదని అతనికి అర్థమైంది. నాలుగేళ్ళుగా ఊపిరి అందితే చాలనుకుని వాయిస్తున్న మనిషికి అది ఎక్కడ తెగుతోందో చెప్పేవాళ్ళు లేకపోయారు.

"ఫలితం కోసం పిల్లలు అరుగుమీద కూర్చున్నారు, పిలువు," అన్నారు మేస్టారు.

ముగ్గురూ వచ్చి చాపమీద కూర్చున్నారు. మీరాబీ కళ్ళు అప్పటికే ఉబ్బి ఉన్నాయి. ఫలితం ఎవరూ చెప్పలేదు, కానీ పరీక్ష పెట్టినవాడి ముఖం చదవలేనంత అమాయకురాలు కాదు.

"చరణంలో అక్కడ ఎందుకు ఆగావమ్మా?" అని ఏడుకొండలు మెల్లిగా అడిగాడు.

ఆమె మేస్టారికేసి చూసి తల దించుకుంది. చంపినా చెప్పేట్టు లేదు.

"చెప్పవే తల్లీ. నా మీద ఆన," అన్నారాయన.

"తాత అక్కడ ఆగుతారు సార్," అంది మీరాబీ. "అది పాటలోదే అనుకున్నా. నాకు మొదట్లో ఆగడం వచ్చేది కాదు, దమ్ము దానంతటది ముందుకెళ్ళిపోయేది. అక్కడ తెంపడం నేర్చుకోవడానికి మూడు నెలలు పట్టింది."

ఏడుకొండలుకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇరవై రెండేళ్ళలో ఎంతోమందికి పాఠం చెప్పాడు, ఎన్నో కాగితాలు దిద్దాడు. ఉన్న ఊపిరిని తెంపుకోవడానికి మూడు నెలలు కష్టపడిన శిష్యురాలు అతనికి ఎప్పుడూ తగల్లేదు. తగిలినా గుర్తుపట్టి ఉండడు, సున్న వేసి ఉంటాడు.

"నేను పాడతాను. ఇది విని వాయించు," అన్నాడు. గురువు వినకూడదన్న రూలును ఆ పూటకు పక్కన పెట్టాడు.

పాదాన్ని తెంపకుండా పాడాడు. మీరాబీ కళ్ళు మూసుకుని వింది. ఒకసారి వేళ్ళు సన్నాయి మీద ఊరికే ఆడించుకుంది. ఆ తరవాత ఊది వాయించింది. చివర్లో నాదం కాస్త వణికింది గానీ తెగలేదు. "ఇంకోసారి," అన్నారు మేస్టారు. ఈసారి వణకలేదు. మాట మొత్తం, మెడ విరగకుండా, ఏ ఊపిరితో మొదలైందో ఆ ఊపిరితోనే ఇల్లు చేరింది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ కోడలు కొంగుతో కళ్ళొత్తుకుంది. మిగతా ఇద్దరికీ కూడా అవకాశం ఇచ్చారు. ఒకాయన దాటాడు. రెండో ఆయన సగందాకా వచ్చి, "వచ్చే ఏడు చూసుకుందాం సార్, నాది నిజంగానే దమ్ము తక్కువ," అని తనే నవ్వేశాడు.

ఏడుకొండలు మార్కుల కాగితం తీసి మోకాలిమీద పరిచాడు. దాటినాయన సున్నను దిద్ది, మీరాబీ ఎదుట ఉన్న సున్నను కొట్టేసి, పక్కన ఇరవైకి పద్దెనిమిది వేసి, సంతకం చేశాడు. ఆ పిల్ల సన్నాయిని రెండు చేతులతో గుండెలకు హత్తుకుని కూర్చుంది. నెలాఖరుకు కొండెక్కబోయేది తనేనని అప్పటికి నమ్మకం చిక్కింది.

"ఆగరా, ఆ కాగితం మడవకు," అన్నారు మేస్టారు. "కింద ఒక వరస ఖాళీగా ఉంది. అందులో నా పేరు రాయి. పిల్ల దగ్గర కొట్టేశావే, ఆ సున్న నాకు వెయ్యి."

"మేస్టారూ!" అన్నాడు ఏడుకొండలు. నాకు ఊపిరి పట్టడం నేర్పిన మనిషికి నా చేత్తో సున్న వెయ్యనా అనుకుంటూ కలం చాపమీద పెట్టేశాడు.

లాల్ సాహెబ్ మేస్టారు గోడ పట్టుకుని లేచారు. పాఠం చెప్పే తన కుర్చీని పక్కకు జరిపి, చాపమీద మీరాబీకి కొంచెం అవతలగా, శిష్యులు కూర్చునే వరసలో కూర్చున్నారు. సన్నాయి ఒళ్ళో పెట్టుకున్నారు.

"వెయ్యరా, ఫరవాలేదు. తప్పినవాళ్ళు మళ్ళీ కూర్చుని నేర్చుకోవచ్చంటగా మీ రూల్సులో."