పడుకుని కొన్న స్టాండు

గొడుగువలసలో తెలివైన కొంప ఏదని అడిగితే పోలిరాజు తన గుమ్మమే చూపిస్తాడు. ఆ ఇంట్లో నలుగురు: పోలిరాజు, అతని పెళ్లాం ముత్యాలు, తమ్ముడు సత్తెయ్య, చెల్లెలు నూకరత్నం. చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యడమే తెలివంటే, అది మా రక్తంలోనే ఉంది అంటాడు పోలిరాజు. ముత్యాలుది వేరే రక్తమైనా ఆ ఇంటికి సరిగ్గా కుదిరింది. పాలు పొంగేదాకా కదలొద్దని అత్తగారు బతికున్న రోజుల్లో చెప్పిందని, పొయ్యి వెలిగించడానికైనా లేవకుండా పొద్దుగూకేదాకా గిన్నె ముందు కూర్చున్న ఇల్లాలు ఆవిడ.

ఇలాంటి ఇంట్లో నూకరత్నానికి రైఫిల్ గురి అబ్బింది. ఎలా అబ్బిందో నన్నడక్కండి. విజయనగరంలో రిటైరైన సుబేదారు చిట్టిబాబు గారి దగ్గర నేర్చుకుంటోంది. నేల మీద బోర్లా పడుకుని, యాభై మీటర్ల దూరంలో ఉన్న కాగితాన్ని కొట్టే పోటీ అది. అంత దూరాన తూటా ఎక్కడ తగిలిందో మామూలు కంటికి ఆనదు. అందుకని పక్కనే ఒంటికన్ను దుర్భిణి, అదే స్కోపు, పెట్టుకుని చూసుకోవాలి. ఈ పిల్ల దాన్ని బోర్లించిన బిందె మీద పెట్టుకునేది. ప్రతి తూటాకీ మోచేతుల మీద లేచి, జరిగి, చూసి, మళ్లీ పడుకునేది. లేచినప్పుడల్లా మోచెయ్యి చోటు మారేది, తర్వాతి తూటా పక్కకి పోయేది. అలా రెండేళ్లు జిల్లా జట్టులో చోటు తప్పిపోయింది. ఈ ఆదివారం పోటీయే ఆఖరు. వచ్చే ఏడాదికి జూనియర్ల వయసు దాటిపోతుంది. పాపం, పది రోజులుగా ఆ పిల్లకి అన్నం సయించడం లేదు.

సుబేదారు గారు అన్నదమ్ములిద్దర్నీ పిలిపించి, స్కోపుకి మంచి స్టాండు కొనమన్నాడు. మూడు ముక్కలు చెప్పాడు. నిలబడి చూసి కొంటే మోసపోతారు, పడుకుని చూసి కొనండి. తల కదపకుండా కన్ను తిప్పితే చాలు, స్కోపు అందాలి. గాలికి ఊగకూడదు. ఇద్దరూ దారంతా ఆ మూడు ముక్కలూ వల్లె వేసుకుంటూ దుకాణానికి వెళ్లారు.

ఇంకేముంది. గుమ్మం దాటగానే ఇద్దరూ బోర్లా పడుకున్నారు. దుకాణదారు కంగారుపడి మొహాన నీళ్లు చల్లాడు. మాకేం కాలేదు, బేరానికొచ్చాం, స్టాండ్లు చూపించమన్నాడు పోలిరాజు నేల మీంచే. కొనడానికొచ్చినవాళ్లు వీళ్లని దాటుకుంటూ పోతున్నారు. దుకాణదారు మొదట పొట్టి స్టాండొకటి తెచ్చి పక్కన పెట్టాడు. అది సరిగ్గా పోలిరాజు కంటి ఎత్తుకే వచ్చింది. పడుకున్న మనిషి కంటే ఎత్తు లేనిది అదేం స్టాండని సత్తెయ్య తీసిపారేశాడు. ఆఖర్న పెళ్లిళ్లలో వీడియో కెమెరాకి పెట్టే పాత ఇనుప స్టాండు తెచ్చారు. కాళ్లు కదలకుండా వెల్డింగు చేసేసిన రకం. కింద పడుకుని చూస్తే దాని తల ఫ్యానుకి తగులుతున్నట్టుంది. అంతే, అదే కావాలన్నారు. కొన్నాక కూడా లేవలేదు. పడుకోమన్న మనిషి ఎప్పుడు లేవాలో చెప్పలేదు కదా. దుకాణదారు దణ్ణం పెట్టి, లేవండి బాబూ అంటే అప్పుడు లేచారు.

ఇంటికొచ్చి పెరట్లో నూకరత్నాన్ని పడుకోబెట్టారు. స్కోపు చూస్తే మనిషి గుండెల ఎత్తున ఉంది. తల కదపకుండా కన్ను ఎంత తిప్పినా ఆకాశమే కనబడుతోంది. స్టాండు కిందికి రాదు కాబట్టి రత్నమే పైకి వెళ్లాలని తేల్చాడు పోలిరాజు. ఇంకేముంది, బల్ల వేశారు, బల్ల మీద మంచం వేశారు, మంచం మీద చెల్లెల్ని ఎక్కించారు. స్కోపు సరిగ్గా కంటికి అందింది. ఇంటిల్లిపాదీ మురిసిపోయారు.

నూకరత్నానికి మాత్రం ఒక అనుమానం వచ్చింది. ఎంతైనా ఆ ఇంటి పిల్లే కదా.

"పెద్దన్నియ్యా, నేల మీదే తొంగోవాలని రూలుందట" అంది.

అంతే. ముత్యాలు ఆరు గంపల మట్టి మోసుకొచ్చి మంచం మీద పోసింది. ఇదిగో నేల, తొంగో అంది. బరువుకి మంచం నవారు సాగి, పిల్ల లోపలికి దిగిపోయింది. ఇంకో నాలుగు గంపలు పోశారు. పిల్ల పైకి వచ్చింది, మంచం కోడు విరిగింది. కోడు బదులు సత్తెయ్య కింద కూర్చుని భుజం ఆనించాడు. అతను ఊపిరి పీల్చినప్పుడల్లా మంచం పైకి లేస్తోంది. స్టాండు ఊగకూడదన్నారు గానీ మంచం ఊగకూడదనలేదు కదా అని పోలిరాజు ధైర్యం చెప్పాడు.

శనివారం పొద్దున్నే బల్ల, మంచం, మట్టి, సత్తెయ్య అన్నీ ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని సుబేదారు గారు నేర్పే రైఫిల్ క్లబ్బుకి వెళ్లారు. సుబేదారు గారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లోపలికి వెళ్లి తన పాత స్టాండు తెచ్చాడు. పొట్టి కడ్డీ, మూడు కురచ కాళ్లు, పక్కకి చాచిన చిన్న చెయ్యి. నూకరత్నాన్ని నిజం నేల మీద పడుకోబెట్టి, ఎడమ పక్కన దాన్ని నిలిపి, స్కోపుని కంటిదాకా జరిపి మర బిగించాడు. పిల్ల రైఫిల్ దించలేదు, మోచెయ్యి కదపలేదు, కన్ను మాత్రం తిప్పింది. కాగితం మీది చిల్లు కనబడింది. ఆ సంతోషంలో ఏడ్చేసింది.

సుబేదారు గారు అన్నదమ్ముల్ని పక్కకి పిలిచాడు. రేపు మీరు స్టాండు ముట్టుకోకూడదు, రైఫిల్ ముట్టుకోకూడదు, పిల్లని ముట్టుకోకూడదు అని ఒట్టు వేయించుకున్నాడు. ఇద్దరూ వేళ్లు మడిచి మూడూ లెక్కపెట్టుకున్నారు.

ఆదివారం నూకరత్నం బ్రహ్మాండంగా కొట్టింది. కాగితానికి పది తూటాలు, మొత్తం ఆరు కాగితాలు. అయిదు ముగిసేసరికి అందరికంటే ముందుంది. ఆరోదాంట్లో చెయ్యి కుదిరిపోయి పదికి పదీ నడిబొడ్డున ఒకేచోట దూరాయి. కాల్పులు ఆగాయి, రైఫిళ్లు ఖాళీ చేశారు. రా అన్నియ్యా చూడు అని పిలిచింది. పోలిరాజు చేతులు వెనక్కి కట్టుకుని స్కోపులోకి చూశాడు. పది తూటాలకి ఒకటే చిల్లు. మిగతా తొమ్మిదీ గురి తప్పాయని జడ్జి అనుకోడూ?

కాగితాలు తెచ్చుకోమన్నారు. అన్నదమ్ములు పరుగెత్తారు. కాగితం ముట్టుకోవద్దని ఎవరూ చెప్పలేదు. పోలిరాజు పెన్సిలు తీశాడు. ఇంకేముంది, ఖాళీ ఉన్నచోటల్లా ఒక్కొక్కటి చొప్పున, ఒకదానికొకటి తగలకుండా తొమ్మిది చిల్లులు పొడిచాడు. సత్తెయ్య రెండుసార్లు లెక్కపెట్టాడు.

ఆ కాగితం చూసి సుబేదారు గారు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. జడ్జి కాళ్లమీద పడ్డంత పనిచేసి, బయటి తొమ్మిదీ ఈ మహానుభావులు పొడిచినవని మొత్తుకున్నాడు. జడ్జి మంచివాడు. దాచకుండా నిజం చెబితే ఆ పిల్ల మాట మీదే లెక్క వేస్తానన్నాడు. నూకరత్నాన్ని పిలిచి కాగితం ముందు పెట్టాడు.

"నిజం చెప్పమ్మా. ఇందులో నీ చిల్లులెన్ని?"

నూకరత్నం వంగి, జాగ్రత్తగా చూసింది. ఏ ఇంటి పిల్ల, అబద్ధం ఆడుతుందా?

"ఒకటే బాబూ" అంది.

తగిలిన తూటా ఒకటేనని జడ్జి రాసుకున్నాడు. సుబేదారు గారు అక్కడే నేల మీద కూలబడ్డాడు. పోలిరాజు ఆయన పక్కన చేరి గొంతు తగ్గించాడు.

"సూసారా బాబూ, అందుకే గదా తొమ్మిదీ మేం పొడిసి పెట్టాం" అన్నాడు.