కొత్వాలు మొదట అడిగిన ప్రశ్న

గండిపాళెంలో విషజ్వరం పాకిన ఏడు, పాలెగారు టముకు వేయించాడు. ప్రతివాడూ సాయంత్రం చావడికి వచ్చి, ఆ రోజు ఎవరెవరిని కలిశాడో కొత్వాలుకు చెప్పాలి. చెప్పనివాడి వీధికి కంచె కట్టేస్తారు.

"ఇదంతా జ్వరాన్ని పట్టుకోవడానికే" అన్నాడు కొత్వాలు మీసం దువ్వుతూ.

ఇంటింటికీ తిరిగి దూది ఏకే హుసేనప్పకు ఆ మాట మింగుడుపడలేదు. జ్వరాన్ని దాచడం పాపమే. ఒకడు దాస్తే పదిమంది చస్తారు. కానీ పాలకు పిల్లిని కాపలా పెడితే ఎలా?

తన వంతు రాగానే చావడిలో అందరూ వినేట్టు చెప్పాడు.

"దొరా, ఇవాళ ఇద్దరిని కలిశాను. ఒకాయన ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది. ఇంకొకాయన పాలెగారిని నోటికొచ్చినట్టు తిడుతున్నాడు."

కొత్వాలు ఎగిరి లేచాడు. "ఎవడ్రా వాడు, తిట్టింది?"

"జ్వరమొచ్చినాయన పేరు అడగరేం దొరా?"

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూలన కూర్చున్న పాలెగారి వైద్యుడు తల దించుకుని లేచాడు.

"ఈ సంగతి పాలెగారితో నేనే చెబుతాను. రేపటినుంచి ఈ అరుగుమీద నేను కూర్చుంటా, కొత్వాలుగారూ. తమరు ఇంటికి దయచేయండి."

హుసేనప్ప రోగి పేరు వైద్యుడి చెవిలో వేశాడు.

కొత్వాలు పళ్లు కొరికాడు. "మరి ఆ తిట్టినవాడెవడురా?"

"ఇంతసేపూ అలాంటివాడు లేడు దొరా" అన్నాడు హుసేనప్ప. "తమరు అడిగాక ఊరంతా వాడే."