ఏడో దెబ్బ

అనగనగా చింతలకోన అనే రాజ్యం. ఆ కోట బురుజు మీద రోజూ పొద్దుగూకే వేళ నగారా మోగించేవాడు సింగన్న. ఆరు దెబ్బలు వేసి, ఏడోది వెయ్యకుండా రవ్వంత ఆగి, మళ్లీ మొదలుపెట్టేవాడు. అలా ఎవరు నేర్పారంటే అతనికే తెలియదు. మొహం మాత్రం ఎప్పుడూ తూర్పుకొండ వైపే ఉండేది.

ఆ కొండ అవతల అతని అక్క గౌరమ్మ ఉంది. పన్నెండేళ్ల కిందట తండ్రి దినాల్లో మాటామాటా పెరిగి, "ఇక నా గడప తొక్కకు" అన్నాడు సింగన్న. ఆమె తొక్కలేదు. అక్కను చూడాలని ఇతని ప్రాణం కొట్టుకులాడేది. సిగ్గు అడ్డొచ్చేది.

ఒకనాడు మణికట్టు నొప్పి పుట్టి ఆస్థాన వైద్యుడి దగ్గరికి వెళ్లాడు. ఆయన పట్టు వేస్తూ నాడి చూశాడు. ప్రతి ఏడో దెబ్బా తప్పుతోంది! కాని అడిగిన నొప్పికే మందివ్వడం ఆస్థానంలో ఆచారం. ఆయన పెదవి విప్పలేదు, కనుబొమలు మాత్రం ముడిపడ్డాయి. అది చూసి సింగన్నకు గుబులు పుట్టింది.

రెండో వైద్యుడి దగ్గరికి పరుగెత్తాడు. ఆయన చెయ్యి పట్టీ పట్టకముందే, "అయ్యో! గుండె లయ తప్పింది. నగారా ముట్టకు, మంచం దిగకు!" అన్నాడు.

సింగన్న మంచమెక్కాడు. చావుకన్నా, అక్క మొహం చూడకుండా పోతానేమోనన్న దిగులే అతన్ని తినేసింది.

మూడోనాడు పొరుగింటి మంత్రసాని పేరమ్మ పలకరించ వచ్చింది. అతన్ని కూర్చోబెట్టి నాడి చూసింది, నడిపించి చూసింది, నిద్రపోతుండగా చూసింది.

"నాయనా, లయ తప్పేమాట నిజమే, ప్రతి ఏడో దెబ్బా పడటం లేదు. అది రోగమో, మీ ఇంటివాళ్ల తీరో నాకు తెలీదు. మీ నాయనకు ఎలా ఉండేదో ఎరిగినవాళ్లెవరు?"

"మా అక్కే," అన్నాడు సింగన్న.

"అయితే పోయి అడుగు."

కొండ దాటి వెళ్లి, గుమ్మంలో నిలబడి, "నాన్న నాడి ఎలా ఉండేదక్కా?" అంటూ చెయ్యి చాచాడు. గౌరమ్మ ఆ మణికట్టు పట్టుకుంది. కళ్లలో నీళ్లు, పెదవి మీద నవ్వు.

"ఒరే తమ్ముడూ, నాన్న గుండె మీద తలపెట్టుకుని పడుకున్నదాన్ని. ఆయనకీ ఇంతే. నిక్షేపంగా ఎనభై ఏళ్లు బతికాడు. ఇదిగో, నాదీ చూడు."

చూశాడు. ఆరు దెబ్బలు, ఓ రవ్వ ఆగడం.

"గాలి ఇటు తిరిగినప్పుడల్లా నీ నగారా వింటూనే ఉన్నానురా, పన్నెండేళ్లుగా. మూడు రోజులనుంచి వేరెవడో కొడుతున్నాడు. ఏడో దెబ్బ పడగానే నా చేతిలో ముద్ద జారిపోయింది."

చూసినదాన్ని దాచకుండా, తెలియనిది తెలియదని చెప్పేవారే వైద్యులు. మీరు మాత్రం అయినవాళ్ల గడప తొక్కడానికి నాడి తప్పేదాకా ఆగకండి.