రెండో ముద్ద

హాస్టల్ వార్డెన్ విశాలాక్షి గారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని పడుతుంది. వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పాతికేళ్ళుగా పాఠం చెబుతున్న ఆవిడ సంగతి తెలిసిన పిల్లలు ఆచితూచి అడుగుతారు. ఎమ్మెస్సీ చదివే హైమవతికి ఆ శనివారం ఆచితూచే ఓపిక లేదు. తన గదిలో ఉండే ఇథియోపియా అమ్మాయి సెలమావిత్, అందరూ సెలాం అని పిలిచే పిల్ల, గది మార్చమని అర్జీ పెట్టుకుందని అప్పుడే తెలిసింది. సోమవారం దాని మీద సంతకం పడితే వెళ్ళిపోతుంది.

"ఈ విదేశీ పిల్లలు మనతో ఎందుకు కలవరు మేడం?" అని అడిగేసింది. "నేనేం తక్కువ చేశాను? సిమ్ కార్డు ఇప్పించాను, ఆటోవాళ్ళతో బేరమాడ్డం నేర్పాను, చుడీదార్ కుట్టించాను, మన పద్ధతులన్నీ ఓపిగ్గా చెప్పాను. మూడు నెలలైంది. ఎప్పుడు చూసినా వాళ్ళ దేశం పిల్లల గదిలోనే కూర్చుంటుంది. వాళ్ళకి వాళ్ళే గొప్ప."

గొంతులో కోపం వినిపించింది గానీ లోపల ఉన్నది బాధ. సెలాం అంటే ఆమెకు నిజంగానే ఇష్టం.

విశాలాక్షి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "రేపు ఇద్దరూ మా ఇంటికి రండి. వంట సెలాం చేస్తుంది. నువ్వు ఉల్లిపాయలు తరుగు."

ఆదివారం హైమ ఉల్లిపాయలు తరిగింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ తరిగింది. సెలాం మాత్రం ఆ వంటింట్లోనే పుట్టి పెరిగినదానిలా తిరిగింది. స్నేహితురాళ్ళ దగ్గర పులుస్తున్న పిండి తెచ్చి, మన పుల్లట్టు లాంటి ఇంజెరాలు వెడల్పుగా పోసింది. కారం దట్టించి ఎర్రపప్పు వండింది. అన్నీ ఒకే పెద్ద పళ్ళెంలో సర్ది ముగ్గురి మధ్యా పెట్టింది.

హైమ పళ్ళెం వైపు, మేడం వైపు మార్చి మార్చి చూసింది. మేడం ఎంగిలి పట్టింపు హాస్టలంతటికీ తెలుసు. గ్లాసు పెదవికి తగలనివ్వరు, తన కంచంలో ఇంకొకరి చెయ్యి పడనివ్వరు. విడిగా ప్లేట్లు తెద్దామని లేవబోతే, "కూర్చో" అన్నారు మేడం.

సెలాం ఇంజెరా ముక్క తుంచి, పప్పు చుట్టి, మేడం నోటి దగ్గరికి చెయ్యి చాచింది.

"అలా పెట్టకూడదు సెలాం. మేడం తినరు" అంది హైమ కంగారుగా.

మేడం నోరు తెరిచారు. ఒక్క క్షణం ఆవిడ ముఖం బిగుసుకుంది. తర్వాత నిదానంగా నమిలి మింగి, "దీన్ని ఏమంటారమ్మా?" అని సెలాంని అడిగారు.

"గుర్షా అంటాం మేడం. ముందు పెద్దవాళ్ళకి పెడతాం. తర్వాత మనవాళ్ళు అనుకున్నవాళ్ళకి."

రెండో ముద్ద చుట్టింది. ఆ చెయ్యి హైమ వైపు తిరిగి, సగం దారిలో ఆగింది. సెలాం తల వంచుకుని ముద్ద తనే తినేసింది.

హైమకి అప్పుడు గుర్తొచ్చింది. గదిలో దిగిన రోజున సెలాం ఇంటి నుంచి తెచ్చుకున్న రొట్టె తుంచి ఇలాగే తన నోటికి అందించింది. తను వెనక్కి జరిగి, ప్లేటు తెచ్చి, "ఇందులో పెట్టు. మా దగ్గర ఇలా తినరు" అని నేర్పింది. అంత నెమ్మదిగా నేర్పినందుకు తనను తాను మెచ్చుకుంది కూడా. ఇప్పుడది తలుచుకుంటే సిగ్గేసింది.

సెలాం గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళాక హైమ మేడం దగ్గరికి జరిగింది. "అదేమిటో నాకు తెలియదు మేడం."

"నాకు మాత్రం తెలుసా? అడిగాను" అన్నారు విశాలాక్షి గారు, చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ. "నీకైతే పక్క మంచమే కదమ్మా. రేపు సంతకం పడేదాకా."