గండన్న తెచ్చిన బ్యాటరీ

అనగనగా ముసురు పడితే వదలని ఒక అడవి. ఆ అడవిలో, ఒక కొండ గుహలో, జంతువుల ఆసుపత్రి ఉండేది పిల్లలూ. చుక్కమ్మ అనే దుప్పి దాన్ని చూసుకునేది. బరువు పనుల్లో ఎలుగుబంటి గండన్న సాయం చేసేవాడు.

ఒక వానరోజు పొద్దున్నే కుందేలు మెత్తమ్మకు నెలలు నిండకుండానే మూడు పిల్లలు పుట్టాయి. మెత్తమ్మ జ్వరంతో కళ్ళు తెరవలేకపోయింది. చుక్కమ్మ పిల్లల్ని దూది పరిచిన బుట్టలో పెట్టి, పైన బ్యాటరీతో వెలిగే వెచ్చటి దీపం పెట్టింది. కాసేపటికే దీపం మసకబారింది. బ్యాటరీ పాతదైపోయింది.

"గండన్నా, కొండముచ్చు కొట్టుకెళ్ళి వేరే బ్యాటరీ తీసుకురా. దాని మీద రెండు అంకెలుంటాయి. రెండూ చూడు" అంది చుక్కమ్మ.

గండన్న మాట పూర్తిగా వినకుండానే పరిగెత్తాడు. కొట్టులో ఇరవై నాలుగు అని రాసున్న బ్యాటరీ కనిపించింది. అంకె పెద్దదైతే వేడీ ఎక్కువే కదా అనుకున్నాడు. తెచ్చి తగిలించాడు. దీపం ఒక్కసారి భగ్గుమని, టప్పున పేలిపోయింది.

చుక్కమ్మ బుట్ట పక్కన పడ్డ గాజుముక్కలు ఏరి, మిగిలిన ఒకే ఒక్క బల్బు బిగించింది.

"ఈ దీపానికి పన్నెండు వోల్టులే కావాలి నాయనా. వోల్టులంటే కరెంటును ముందుకు తోసే బలం. తక్కువైతే దీపం సరిగా వెలగదు, ఎక్కువైతే మాడిపోతుంది. రెండో అంకె ఆంపియర్ గంటలు. కుండలో నీళ్ళెన్నో చెప్పినట్టు, బ్యాటరీ ఎంతసేపు వస్తుందో అది చెబుతుంది. సాయంత్రం దాకా వచ్చేది తీసుకురా."

గండన్న తల దించుకుని వెళ్ళాడు. ఈసారి పన్నెండు వోల్టులవి వెతికాడు. పెద్దది బరువుగా ఉంది. చిన్నది చంకలో ఇమిడింది. వాన దంచి కొడుతోంది. చిన్నదే తెచ్చాడు. దీపం చక్కగా వెలిగింది. పిల్లలు వణకడం మానేశాయి.

"చిన్నగా ఉందే! రెండో అంకె చూశావా?" అని అడిగింది చుక్కమ్మ.

గండన్న చూడలేదు. కానీ పొద్దున పేలిన దీపం గుర్తొచ్చి, మళ్ళీ మాట పడాలంటే సిగ్గేసింది.

"చూశాను పిన్నీ" అన్నాడు.

చుక్కమ్మ నమ్మింది. మెత్తమ్మకు మందాకు తేవడానికి వాగు దాటి వెళ్ళింది. గండన్న గోడకు ఆనుకుని కునుకు తీశాడు.

మెలకువ వచ్చేసరికి దీపం ఆరిపోయి ఉంది. గండన్న గబుక్కున పిల్లల్ని తీసి తన బొచ్చులో పొదువుకున్నాడు. రెండు మెల్లగా కదిలాయి. మూడోది కదల్లేదు. ఎంతసేపు ఊపిరి ఊదినా కదల్లేదు.

చుక్కమ్మ తిరిగొచ్చేసరికి గండన్న ఏడుస్తున్నాడు.

"పిన్నీ, నేను అబద్ధం చెప్పాను. ఆ అంకె చూడలేదు."

చుక్కమ్మ ఆ రెండు పిల్లల్నీ తన పొట్ట కిందికి తీసుకుని, "వెళ్ళు. వీటికి ఇంకా వెచ్చదనం కావాలి" అంది.

గండన్న వెళ్ళాడు. రెండు అంకెలూ చదివాడు. కొండముచ్చును అడిగి మళ్ళీ చూసుకున్నాడు. పెద్ద బ్యాటరీని వీపు మీద మోసుకొచ్చాడు. దీపం తెల్లారేదాకా వెలిగింది.

జ్వరం తగ్గాక మెత్తమ్మ కళ్ళు తెరిచి పిల్లల్ని లెక్కపెట్టుకుని, మూడోది ఏదని అడిగింది. ఆమెకు చుక్కమ్మ జవాబు చెప్పబోతుంటే గండన్న ఆపాడు.

"నేను చెప్తాను పిన్నీ" అని, మెత్తమ్మ ముందు కూర్చుని జరిగిందంతా చెప్పాడు.

మెత్తమ్మ అతన్ని తిట్టలేదు. "చూడలేదని ఒక్క మాట చెప్పి ఉంటే, మామా..." అని, మిగిలిన ఇద్దరినీ దగ్గరికి లాక్కుని అటు తిరిగి పడుకుంది.

నీతి: తెలియదని చెప్పడానికి పడే సిగ్గు కాసేపే, తెలుసని చెప్పిన అబద్ధానికి మూల్యం మనల్ని నమ్మినవాళ్ళు చెల్లించాల్సి వస్తుంది.