సున్నా వచ్చిన వార్డు

రాహేలమ్మ గారిని ప్రశ్న అడిగితే ఆవిడ జవాబు చెప్పరు, లేచి చెప్పులు వేసుకుంటారు. నర్సింగ్ కాలేజీలో ముప్పై ఏళ్లుగా ఇదే వరస. అడిగింది అంటురోగాల లెక్క అయినా, మనుషుల గొడవ అయినా, వార్డు దాకా నడిపించి ఏదో ఒకటి చూపిస్తారు. ఆవిడ దగ్గర చదివి ఇప్పుడు అక్కడే పాఠాలు చెబుతున్న శిష్యురాలు నాగవేణికి ఈ సంగతి బాగా తెలుసు. అయినా ఆ పొద్దున అడగకుండా ఉండలేకపోయింది, కడుపు అంతగా మండిపోతోంది మరి.

నర్సులకు గణాంకాలు నేర్పే పాఠ్యపుస్తకం ఒకటి నాగవేణి నాలుగేళ్లు కూర్చుని రాసింది. అది పూర్తయిన ఏడాదే, తనకంటే రెండేళ్లు చిన్నదైన తోటి టీచరు పుష్పలీల కూడా ఒకటి రాసింది. రెండింటిలో కాలేజీకి ఏది పెట్టుకోవాలో ఆ సాయంత్రానికల్లా రాహేలమ్మ గారు తేల్చి చెప్పాలి. పోయిన వారం ఆవిడ గదిలోకి వెళ్తే, పుష్పలీల పుస్తకం బల్ల మీద ఉంది, చదువుతున్న పేజీలో ఆవిడ కళ్లజోడు ఉంది. తన పుస్తకం బీరువాలో నలగకుండా నిలబడి ఉంది. అది చూసిన దగ్గర్నుంచీ నాగవేణికి అన్నం సహించలేదు. మూడు రోజులు సెలవు పెట్టి పుష్పలీల పుస్తకాన్ని జల్లెడ పట్టింది. ఎన్నడూ లేనంత ఓపిక వచ్చింది. అసూయకు ఆ గుణం ఉంది, బద్ధకస్తుల చేత కూడా పని చేయిస్తుంది.

"ముప్పై ఒక్క తప్పులు మేడమ్," అని జాబితా బల్ల మీద పెట్టింది. "నా దాంట్లో రెండంటే రెండే, అవీ అచ్చుతప్పులు. ఏది మంచి పుస్తకమో ఇంకా ఆలోచించాలా?"

రాహేలమ్మ గారు జాబితా కేసి ఒకసారి చూసి, చెప్పులు వేసుకున్నారు.

ఆసుపత్రిలో ఆపరేషన్ అయినవాళ్లను ఉంచే వార్డులు రెండు. ఆ నెలలో ఎన్ని గాయాలకు చీము పట్టిందో ప్రతి వార్డు గుమ్మం పక్కనా పలక మీద రాస్తారు. మొదటి వార్డు పలక మీద పదకొండు. రెండో వార్డు మీద సున్నా. నాగవేణి ముఖం విప్పారింది. తన అయిదో అధ్యాయమంతా ఈ రెండో వార్డు గురించే. పుష్పలీల పోయి పోయి మొదటి వార్డు లెక్కలు రాసుకుంది, ఆ పదకొండు చూపించి పిల్లలకు ఏం నేర్పుతుందట!

"నీకే ఆపరేషన్ అయితే ఎక్కడ పడుకుంటావు?" అని అడిగారు రాహేలమ్మ గారు.

"రెండో వార్డులోనే. అదీ అడగాలా మేడమ్?"

రాహేలమ్మ గారు రెండో వార్డులోకి నడిచి డ్రెస్సింగ్ ట్రాలీ తెప్పించారు. మూడో మంచం మీద ఒక తాపీమేస్త్రి, హెర్నియా ఆపరేషన్ అయి నాలుగు రోజులు. అతని కట్టు విప్పమని నాగవేణికి చెప్పారు.

వార్డు సిస్టర్ కంగారుగా వచ్చింది. "మేం ఇక్కడ కట్టు కదపం మేడమ్. అయిదో రోజున ఇంటికి పంపించేస్తాం. కుట్లు వాళ్ల ఊరి ఆసుపత్రిలో విప్పించుకుంటారు."

"రెండ్రోజులకాడి నించి సలుపుతుందని చెప్తానే ఉన్నానమ్మా," అన్నాడు మేస్త్రి. "కట్టిప్పి చూడమంటే ఒక్కరూ ఇప్పరు."

కట్టు విప్పేసరికి వాసన వచ్చింది. గాయం ఎర్రగా ఉబ్బి, కుట్ల సందుల్లోంచి చీము కారుతోంది. ఏడో మంచం దగ్గరా అంతే. నాగవేణి చేతులు పని చేస్తూనే ఉన్నాయి గానీ మనసు మాత్రం అయిదో అధ్యాయం చుట్టూ తిరుగుతోంది. మొదటి వార్డులో రోజూ ప్రతి గాయాన్నీ చూస్తారనీ, ఇంటికి వెళ్లినవాళ్లకు నెల్లాళ్లపాటు ఫోన్ చేసి అడుగుతారనీ పుష్పలీల రాసింది. ఆ పేజీ తను చదివింది. అందులో ఒక దశాంశ బిందువు తప్పు పడితే పట్టుకుని సంబరపడింది కూడా. ఇప్పుడు సిగ్గేసింది. సిగ్గుతో పాటు, ఈ సంగతి పుష్పలీలకు తనకంటే ముందే తెలుసన్న ఉక్రోషమూ వచ్చింది.

డాక్టరుకు కబురు వెళ్లింది. చేతులు కడుక్కుంటూ నాగవేణి అడిగింది, "మీకు ముందే తెలుసా మేడమ్?"

"ఈ పొద్దున నీ అయిదో అధ్యాయం చదివాను. సున్నా చూసి భయమేసింది."

తన పుస్తకం కూడా ఆవిడ చదివారు. ఆ మాటకు నాగవేణి ప్రాణం కాస్త కుదుటపడింది, అయినా నోరు ఊరుకోలేదు. "అయితే సాయంత్రం పుష్పలీల పేరే చెబుతారా?"

"ఆమె పేరే చెబుతాను."

నాగవేణి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రాహేలమ్మ గారు తువ్వాలు ఆమె చేతికిచ్చారు.

"తన పుస్తకంలో తప్పులు వెతకడానికి మూడు రోజులు సెలవు పెట్టిన మనిషి ఆమెకు దొరికింది," అన్నారు. "నీ పుస్తకాన్నీ అలా కట్టు విప్పి చూసే మనిషి దొరికే దాకా ఆగుదాం."