అంకోనా 'మాడిన ఉల్లి' పూటకూళ్ళ ఇల్లు

ఇటలీ దేశపు తూర్పు తీరాన, అంకోనా నగరపు ఓడరేవు వెనుక, జాలరిపేట సందులో ఈ పూటకూళ్ళ ఇల్లు ఉన్నది. కొద్ది బల్లలే పట్టే చోటు. పొయ్యి పక్క గూటిలో మరియమాత స్వరూపం, గోడలకు పాత వలలు. ఆ పూట రేవులో ఏ చేప దిగితే ఆ చేపే వంట. ఫలానాది కావాలని అడగడం ఇక్కడ మర్యాద కాదు. వెనిగర్ పోసి కాచే చేపల పులుసు, అందులో ముంచుకోవడానికి కాల్చిన రొట్టె చాలా ప్రసిద్ధి. ఇంత రుచిగల చోటికి 'మాడిన ఉల్లి' అనే పేరేమిటని కొత్తవారు తప్పక అడుగుతారు. అందుకు పేటలోని పెద్దలు చెప్పే ఐతిహ్యం ఇది.

పూర్వం ఇక్కడ నజ్జరేనో అనే జాలరి, భార్య అస్సుంతతోనూ తల్లి ఫిలోమెనతోనూ కాపురముండేవాడు. ఒక శీతకాలం అతడు తమ్ముడితో కలిసి వేటకు వెళ్ళగానే సముద్రాన్ని పొగమంచు కమ్మింది. దీపస్తంభపు వెలుగైనా కనబడనంత దట్టమైన మంచు. రోజులు గడిచినా పడవ రాలేదు. కొడుకుల మీద ఆశ వదులుకున్న ఫిలోమెన నల్లబట్టలు కట్టుకొని, పొయ్యి ఆర్పించి, తలుపు మూయించి, ఆహారం ముట్టడం మానివేసింది.

ఒక ఉదయం, ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన అస్సుంతకు కలలో మరియమాత కనిపించింది. ఆ తల్లి వస్త్రపు అంచు సముద్రపు నీటితో తడిసి ఉన్నది. "తలుపు తీసి వంట చెయ్యి బిడ్డా. వాళ్ళు ఆకలిమీద ఉన్నారు" అని చెప్పి అదృశ్యమైంది.

అస్సుంత లేచి తలుపు బార్లా తీసి పొయ్యి రాజేసింది.

"చావింట్లో పొయ్యి వెలిగిస్తావా?" అన్నది ఫిలోమెన.

"ఇది చావిల్లని మనకెవరు చెప్పారు, అత్తయ్యా?"

అస్సుంత ఇంట్లో ఉన్న ఉల్లిపాయలన్నీ తరిగి నూనెలో వేసింది. కళ్ళు సముద్రం వైపే ఉండటంతో కలపడం మరిచింది. ఉల్లి మాడింది. గాబరాగా వెనిగర్ కుమ్మరించేసరికి ఘాటు గుప్పున లేచి, తెరిచిన తలుపులోంచి నీళ్ళ మీదికి పాకింది.

అదే సమయానికి అన్నదమ్ములు దిక్కు తెలియక రాళ్ళగుట్టల వైపు తెడ్లు వేస్తున్నారు. "ఎవరింట్లోనో ఉల్లిపాయలు మాడుతున్నాయి" అన్నాడు తమ్ముడు. నజ్జరేనో పడవను ఆ వాసన వైపు తిప్పాడు. వాసన చిక్కబడిన కొద్దీ ముందుకు సాగి, మధ్యాహ్నానికి రేవు గోడను తాకారు.

గడపలో భర్తను చూసి అస్సుంత గరిటెతో సహా ఎదురు పరుగెత్తింది. ఫిలోమెన కొడుకులిద్దరి ముఖాలూ తడిమి తడిమి చూసింది. చివరకు, "నాకు ఆకలేస్తున్నది" అన్నది. పడవలోని చేపలు ఆ ఉల్లిలో వేసి కాచి, మొదటి గిన్నె ఆమెకే వడ్డించారు. మాడిన పులుసును ఆ ముసలమ్మ రొట్టెతో తుడుచుకొని మరీ తిన్నది.

ఆ పులుసు రుచి చూడాలని ఇరుగుపొరుగు రావడంతో ఆ ఇల్లే పూటకూళ్ళ ఇల్లయింది. నేటికీ ఉదయాన వీధి తలుపు తీసిపెట్టి, గుప్పెడు ఉల్లిపాయలు మాడనిచ్చి, ఆ తరువాతే వెనిగర్ పోస్తారు. మొదటి గిన్నె ఎవరికోసమైనా ఎదురుచూస్తున్నవారికి ఇస్తారు. ఓడమీద భర్త ఉన్నవారు, ఆసుపత్రిలో బిడ్డ ఉన్నవారు వచ్చి తింటారు. తిన్నవారికి త్వరలో శుభవార్త అందుతుందని పేట నమ్మకం. అది అందేవరకు వారు ఎన్నిసార్లు వచ్చినా మొదటి గిన్నె వారిదే.